కార్డులు లేని గోడలు

మ్యూజియంకి వెళ్ళినప్పుడు మనం మొదట దేన్ని చూస్తామో ఎప్పుడైనా గమనించారా? బొమ్మ పక్కన అంటించిన చిన్న కార్డుని. వేసినవారి పేరు, సంవత్సరం చదివేస్తాం. ఒకసారి తలెత్తి బొమ్మ వైపు చూస్తాం, ఫోన్‌లో ఫోటో తీసుకుంటాం, పక్క బొమ్మ దగ్గరికి వెళ్ళిపోతాం. వెంట పిల్లలుంటే వాళ్ళ చేత కూడా ఆ కార్డే చదివిస్తాం.

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక మ్యూజియం ఉంది. అక్కడ మీకు ఆ అవకాశం ఉండదు. గోడల మీద వివరాల కార్డులు లేవు. ఫ్రేమ్ అంచున చిన్న రేకు ముక్క మీద చిత్రకారుడి పేరు ఉంటే ఉంటుంది, అంతే. ఆ గోడల మీద రెన్వా బొమ్మలు 181, సెజాన్ బొమ్మలు 69, మతీస్‌వి 59, పికాసోవి 46 ఉన్నాయి. వాన్ గో, మోడిగ్లియానీ బొమ్మలు వీటికి అదనం. ఇవన్నీ ఒక్క మనిషి తన సొంత డబ్బుతో కొన్నవే. ఆయన పేరు డాక్టర్ ఆల్బర్ట్ బార్న్స్. మన స్కూల్ పేరెంట్స్‌లో తమ్ముడో, ఆడపడుచో న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వైపు ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. ఈసారి అటు వెళ్తే న్యూయార్క్, నయాగరాల మధ్య ఒక పూట ఈ మ్యూజియంకి కేటాయిస్తారేమో అన్న ఆశతో ఆయన కథ చెబుతున్నాను.

బార్న్స్ 1872 జనవరి 2న ఫిలడెల్ఫియాలో ఒక బీద కుటుంబంలో పుట్టారు. తండ్రి మాంసం కొట్టే పని చేసేవాడు. అమెరికా అంతర్యుద్ధంలో ఆయన కుడి చెయ్యి పోయింది. ఒంటి చేత్తో ఆ పని సాగడం కష్టం కదా, తర్వాత పోస్ట్‌మ్యాన్‌గా చేరాడు. కొన్నాళ్ళు ఆ కుటుంబం నగరం చివర చెత్త దిబ్బల పక్కన, బురద నేలల్లో గుడిసెలుండే పేటలో కాపురం ఉంది. తల్లి లిడియా భక్తురాలు. చిన్న వయసులోనే కొడుకుని వెంటబెట్టుకుని నల్లజాతి క్రైస్తవుల ప్రార్థన సభలకు తీసుకెళ్ళేది. అక్కడ విన్న పాటలు ఆ పిల్లవాడి మనసులో అలాగే ఉండిపోయాయి. జాతి వివక్ష మామూలు విషయంగా చెల్లిపోయే ఆ రోజుల్లో బార్న్స్ జీవితాంతం నల్లజాతివారి పక్షాన నిలబడటానికి మూలం ఆ సభల్లోనే ఉంది.

చదువులో చురుకు. ఫిలడెల్ఫియాలో మెరిట్ ఉన్న అబ్బాయిలకే సీటు దొరికే సెంట్రల్ హైస్కూల్లో చేరారు. అక్కడి క్లాస్‌మేట్ ఒకడు ఎప్పుడూ బొమ్మలు గీస్తుండేవాడు. పేరు విలియం గ్లాకెన్స్. ఇద్దరూ కలిసి బేస్‌బాల్ ఆడేవారు. ఈ పేరు గుర్తుంచుకోండి, కథలో మళ్ళీ వస్తుంది. తర్వాత బార్న్స్ పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మెడిసిన్ చదివారు. ట్యూషన్లు చెప్పి, బేస్‌బాల్ ఆడి, బాక్సింగ్ పోటీలకు దిగి ఫీజు కట్టుకున్నారు. 1892లో, ఇరవై ఏళ్ళకే, డాక్టర్ పట్టా చేతికి వచ్చింది. కానీ రోగుల్ని చూడటం తన పని కాదని ఆయనకి తొందరగానే అర్థమైంది. కెమిస్ట్రీ మీద మనసు పోయింది. పై చదువుకి జర్మనీ వెళ్ళి, తిరిగి వచ్చి ఒక మందుల కంపెనీలో చేరారు.

ఆ కాలంలో కాన్పు సమయంలో తల్లి నుంచి సోకే ఇన్‌ఫెక్షన్ వల్ల చాలామంది పసిబిడ్డలు చూపు కోల్పోయేవారు. దాన్ని ఆపడానికి పుట్టగానే బిడ్డ కళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేసేవారు. పనిచేసేది, కానీ బాగా మండేది. కంటిలోని సున్నితమైన పొరకి హాని కూడా జరిగేది. జర్మన్ కెమిస్ట్ హెర్మన్ హిల్లేతో కలిసి బార్న్స్ వెండినే ప్రోటీన్‌తో కలిపి మంట లేని మందుగా తయారు చేశారు. దానికి ఆర్జిరాల్ అని పేరు పెట్టి 1902లో ఇద్దరూ కంపెనీ మొదలుపెట్టారు. ఇక్కడ ఒక తెలివైన నిర్ణయం ఉంది. మందుకి పేటెంట్ తీసుకుంటే తయారీ రహస్యం కాగితం మీద రాసి ఇవ్వాలి, గడువు తీరాక ఎవరైనా చేసుకోవచ్చు. అందుకని వాళ్ళు పేటెంట్ జోలికి పోలేదు. పేరుని మాత్రం ట్రేడ్‌మార్క్‌గా రిజిస్టర్ చేసి, ఫార్ములాని తమ దగ్గరే దాచుకున్నారు. ఆర్జిరాల్ అమెరికాలోనూ, బయటి దేశాల్లోనూ బాగా అమ్ముడైంది. భాగస్వాములకి మాత్రం పడలేదు. 1908 నాటికి హిల్లే వాటా కొనేసి బార్న్స్ ఒక్కరే యజమాని అయ్యారు. చెత్త దిబ్బల పక్కన పెరిగిన కుర్రవాడు నలభై ఏళ్ళు నిండకముందే పెద్ద శ్రీమంతుడు.

ఒక టీచర్‌గా నన్ను బాగా ఆకట్టుకున్న భాగం ఆయన ఫ్యాక్టరీ. ఫిలడెల్ఫియా పశ్చిమాన ఉన్న ఆ చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేవారు ఇరవై మంది లోపే. తెల్లవాళ్ళు, నల్లవాళ్ళు, ఆడవాళ్ళు కలిసి పనిచేసేవారు. వాళ్ళలో చాలామందికి చదువు అంతంత మాత్రం. పని ఎనిమిది గంటలు చేయనక్కర్లేదని, ఆరు గంటల్లో అయిపోతుందని బార్న్స్ లెక్క వేశారు. మిగిలిన రెండు గంటలు ఏం చేయాలి? క్లాసు పెట్టారు. జీతం కోత లేదు. విలియం జేమ్స్, జాన్ డ్యూయీ, బెర్ట్రండ్ రస్సెల్ రాసిన పుస్తకాలు చదివి చర్చించేవారు. తాను కొన్న పెయింటింగ్‌లు తెచ్చి ఆ ఫ్యాక్టరీ గోడలకే తగిలించి, వాటి గురించి మాట్లాడించేవారు. సీసాలకు మందు నింపి, లేబుల్ అంటించే చేతులు కాసేపటి తర్వాత సెజాన్ బొమ్మ ముందు కూర్చుని ఆ ఆపిల్ పండు బరువుగా ఎందుకు కనిపిస్తోందో వాదించుకునేవన్న మాట.

పేరెంట్స్ మీటింగ్‌లో కొందరు అడుగుతుంటారు, ఎనిమిదో తరగతికి వచ్చాక ఇంకా డ్రాయింగ్ పీరియడ్ ఎందుకని. అడగడంలో తప్పు లేదు, మార్కుల ఒత్తిడి మీకూ మాకూ తెలిసిందే. అయితే లాభనష్టాలు బాగా తెలిసిన ఒక వ్యాపారి రోజుకి రెండు గంటల కూలి డబ్బు ఇచ్చి మరీ తన పనివాళ్ళ చేత బొమ్మలు చూపించాడని తెలిస్తే, ఆ పీరియడ్ మీద మీ అభిప్రాయం కాస్త మెత్తబడుతుందేమో!

డబ్బు రాగానే చాలామంది ధనవంతుల్లాగే బార్న్స్ కూడా ఇంట్లో అలంకారానికి పెయింటింగ్‌లు కొనడం మొదలుపెట్టారు. అప్పటికి పాత స్నేహితుడు గ్లాకెన్స్ పేరున్న చిత్రకారుడు. ఆ కొన్నవి చూసి, ఇవి నీ డబ్బుకి తగినవి కావని మొహమాటం లేకుండా చెప్పేశారు. బార్న్స్ కోపం తెచ్చుకోలేదు. ఆయన కోపం తెచ్చుకోని సందర్భాలు తక్కువ, అందుకే ఇది చెప్పుకోవాలి. 1912లో గ్లాకెన్స్ చేతికి 20,000 డాలర్లు ఇచ్చి, పారిస్ వెళ్ళి నీకు మంచివి అనిపించినవి కొనుక్కురా అని పంపారు. గ్లాకెన్స్ 30కి పైగా బొమ్మలతో తిరిగి వచ్చారు. వాటిలో వాన్ గో వేసిన గడ్డం పోస్ట్‌మ్యాన్ బొమ్మ ఒకటి. పోస్ట్‌మ్యాన్ కొడుకు ఇంటికి పోస్ట్‌మ్యాన్ బొమ్మే రావడం యాదృచ్ఛికమే అనుకోండి, నాకు మాత్రం భలే నచ్చింది. ఆ ఏడాది చివర్లో బార్న్స్ స్వయంగా పారిస్ వెళ్ళి మతీస్ బొమ్మలు కొన్నారు. ఆ తర్వాత ఆయన ఆగలేదు.

బీఎడ్ చదివిన వారెవరికైనా జాన్ డ్యూయీ పేరు తెలుసు. పిల్లలు చేస్తూ నేర్చుకోవాలని చెప్పిన అమెరికన్ తత్వవేత్త ఆయన. ఫిలాసఫీ పేపర్‌లో ఆయన మీద ప్రశ్న రాకుండా ఉండదు. బార్న్స్ 1917లో, 45 ఏళ్ళ వయసులో, కొలంబియా యూనివర్సిటీలో డ్యూయీ సెమినార్‌లో విద్యార్థిగా కూర్చున్నారు. అక్కడ మొదలైన స్నేహం చివరిదాకా నిలిచింది. బొమ్మలు చూడటం కూడా సైన్స్‌లాగే పద్ధతిగా నేర్పవచ్చని, దానికి పుట్టుక, డబ్బు, పట్టా అవసరం లేదని బార్న్స్ నమ్మకం. ఫ్యాక్టరీలో ఆయన చూసింది అదే. 1922 డిసెంబర్‌లో బార్న్స్ ఫౌండేషన్ రిజిస్టర్ అయింది. కాగితాల మీద అది మ్యూజియం కాదు, విద్యాసంస్థ. ఊరి శివార్లలో మెరియన్ అనే చోట చెట్లతో నిండిన 12 ఎకరాల తోట కొని, అందులో పాల్ క్రే అనే ఆర్కిటెక్ట్ చేత భవనం కట్టించారు. 1925లో తలుపులు తెరిచారు. చదువుల విభాగానికి మొదటి డైరెక్టర్ డ్యూయీ గారే. 1934లో డ్యూయీ కళ గురించి తాను రాసిన ప్రసిద్ధ పుస్తకాన్ని బార్న్స్‌కే అంకితం ఇచ్చారు.

ఈలోగా ఒక దెబ్బ తగిలింది. 1923లో తన ఊరి వాళ్ళకి కొత్త చిత్రకళ చూపిద్దామని ఎంతో ఉత్సాహంగా 75 బొమ్మలు, శిల్పాలు ఫిలడెల్ఫియాలోని పెద్ద ఆర్ట్ అకాడమీలో ప్రదర్శనకి పెట్టారు. సూటీన్, మోడిగ్లియానీ లాంటి పేర్లు అక్కడ ఎవరూ విననివి. పత్రికల్లో కళా విమర్శకులు ఆ బొమ్మల్ని నానా మాటలూ అన్నారు. పిచ్చివాళ్ళ పనిగా, రోత పుట్టించేవిగా రాశారు. బార్న్స్ ఆ అవమానాన్ని చనిపోయేదాకా మరిచిపోలేదు. ఊళ్ళో గొప్పవాళ్ళు, మ్యూజియం పెద్దలు, ప్రొఫెసర్లు, పత్రికలవాళ్ళు అందరూ ఆయన దృష్టిలో శత్రువులైపోయారు.

ఇక మెరియన్ భవనం తలుపు పెద్దవాళ్ళకి తెరుచుకోవడం కష్టమైంది. చూడాలంటే ఉత్తరం రాయాలి. పేరు, హోదా ఉన్నవారు రాస్తే తిరస్కారం ఖాయం. ఆ తిరస్కారాల్లో కొన్ని ఆయన పెంపుడు కుక్క ఫిదెల్ సంతకంతో వెళ్ళేవి! రచయిత జేమ్స్ మిచెనర్ కాలేజీ రోజుల్లో ఎన్నిసార్లు రాసినా రానివ్వలేదట. చివరికి స్టీల్ ఫ్యాక్టరీ కూలీనని రాస్తే వెంటనే పిలుపు వచ్చిందని చెబుతారు. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ నిజంగా ఆసక్తి ఉండి, ఏళ్ళ తరబడి తిరిగి, ఆ బొమ్మలు చూడకుండానే కన్నుమూసిన చిత్రకారులు, పండితులు ఉండి ఉంటారు కదా? క్లాసులో కూడా అంతే. తన పద్ధతిని ప్రశ్నించిన విద్యార్థుల్ని బయటికి పంపేసేవారు. చదువు అందరిదీ అన్న మనిషి, తన మాట కాదన్నవాడికి ఆ చదువు ఇవ్వలేకపోయారు. ఈ విషయంలో ఆయన్ని వెనకేసుకు రావడం నా వల్ల కాదు.

రస్సెల్ కథ కూడా అలాంటిదే. 1940లో ఆయన భావాలు నచ్చనివారు కోర్టుకెళ్ళి న్యూయార్క్‌లో ఆయనకి వచ్చిన ఉద్యోగాన్ని రద్దు చేయించారు. యుద్ధ సమయం, చేతిలో డబ్బు లేదు. బార్న్స్ పిలిచి ఐదేళ్ళ ఒప్పందం మీద ఫిలాసఫీ చరిత్ర చెప్పే పని ఇచ్చారు. రెండేళ్ళు తిరగకముందే గొడవ. రస్సెల్ భార్య క్లాసులో కూర్చుని ఊలు అల్లుతోందన్నది కూడా ఆ గొడవలో ఒక ఫిర్యాదు. ఉద్యోగం తీసేస్తే రస్సెల్ కోర్టుకెళ్ళి 20,000 డాలర్లు గెలిచారు. ఆ పాఠాలే తర్వాత పాశ్చాత్య తత్వశాస్త్ర చరిత్రగా పుస్తకం అయ్యాయి, రస్సెల్‌కి జీవితాంతం ఆదాయం ఇచ్చాయి.

మళ్ళీ ఆ గోడల దగ్గరికి వద్దాం. మామూలు మ్యూజియంలో దేశం వారీగా, శతాబ్దం వారీగా గదులుంటాయి. బార్న్స్ అలా పెట్టలేదు. ఒక గోడని ఒక పాఠంలా కూర్చారు. మధ్యలో పెద్ద బొమ్మ, అటూ ఇటూ కొలత చూసినట్టు జతలు. రెన్వా పక్కన కొన్ని వందల ఏళ్ళ నాటి చిన్న బొమ్మ, దాని కింద పల్లెటూరి చెక్క పెట్టె. వేరే చోట ఆఫ్రికా శిల్పాల పక్కన మోడిగ్లియానీ. బొమ్మల మధ్య ఖాళీల్లో పాత తలుపు బందులు, గొళ్ళేలు, గరిటెలు, తాళం పలకలు మేకులు కొట్టి తగిలించారు. మొదటిసారి చూసేవాళ్ళకి ఇదేమిటి, కమ్మరి కొట్టులా ఉంది అనిపిస్తుంది. కాసేపు నిలబడితే ఒక బొమ్మలో స్త్రీ భుజం వంపు పైన ఇనుప బందులో మళ్ళీ కనిపిస్తుంది. బొమ్మలోని ఎరుపు, కింద ఉన్న కుండ మీద దొరుకుతుంది. వెలుగు, గీత, రంగు, చోటు: ఈ నాలుగూ చూడండి అన్నదే ఆయన పాఠం. చిత్రకారుడి జీవితం, బొమ్మ ఖరీదు, అందులోని కథ తర్వాతి సంగతి. పెద్ద హాల్లో పేకాట ఆడే రైతుల్ని వేసిన సెజాన్ బొమ్మ ఉంటుంది, దాని పైన సెరా వేసిన నిలువెత్తు బొమ్మ. సన్నటి చుక్కలతో వేసిన బొమ్మ, దిట్టమైన రంగు మడులతో వేసిన బొమ్మ ఒకదాని మీద ఒకటి. పిల్లలైతే ఆ తేడా మనకంటే ముందే పట్టేస్తారు.

అదే హాల్లో కిటికీల పైన, కప్పుకి ఆనుకుని మూడు కమానుల్లో మతీస్ వేసిన నాట్యం బొమ్మ ఉంది. పొడవు సుమారు 45 అడుగులు. 1930లో మతీస్ వచ్చినప్పుడు బార్న్స్ అడిగి వేయించుకున్నారు. ఫ్రాన్స్‌లో చాలా కాలం కష్టపడి వేశాక, కొలతల్లో పొరపాటు జరిగిందని తేలింది. అప్పటికి మతీస్‌కి అరవై దాటాయి. మళ్ళీ మొదటి నుంచి వేశారు. 1933లో స్వయంగా వచ్చి గోడకి ఎక్కించారు. కొలత తప్పిన బొమ్మ ఇప్పుడు పారిస్‌లోని మ్యూజియంలో ఉంది, దాన్నీ జనం వెళ్ళి చూస్తారు.

వ్యాపారంలో కూడా బార్న్స్ అదృష్టవంతులే. 1929 జూలైలో కంపెనీ మొత్తం అమ్మేశారు. అక్టోబర్‌లో అమెరికా షేర్ మార్కెట్ కుప్పకూలింది. ఇంకొన్నాళ్ళకి యాంటీబయాటిక్స్ వచ్చి ఆర్జిరాల్ అవసరమే తగ్గిపోయింది. చివరి రోజుల్లో ఆయనకి లింకన్ యూనివర్సిటీ అధ్యక్షుడు హొరేస్ మాన్ బాండ్‌తో స్నేహం కుదిరింది. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన విద్యాసంస్థ అది. తన తర్వాత ఫౌండేషన్ ట్రస్టీలను సూచించే హక్కు ఆ యూనివర్సిటీకి దక్కేలా బార్న్స్ 1950లో నియమాలు మార్చారు. ఫిలడెల్ఫియా పెద్దమనుషులు దీన్ని ఊహించి ఉండరు.

1951 జూలై 24న కారు నడుపుకుంటూ వెళ్తూ స్టాప్ బోర్డు దగ్గర ఆగకుండా పోయి, లారీ ఢీకొని అక్కడికక్కడే చనిపోయారు. వయసు 79. కారులో ఫిదెల్ కూడా ఉంది.

ఆయన రాసి పెట్టిన షరతులు గట్టివి. ఏ బొమ్మా అమ్మకూడదు, అరువు ఇవ్వకూడదు, ఉన్న మేకు నుంచి కదపకూడదు. కానీ పన్ను మినహాయింపు పొందే సంస్థ జనాన్ని రానివ్వకపోతే ఎలా అని ప్రభుత్వం కోర్టుకెక్కింది. 1961 నుంచి వారానికి రెండు రోజులు కొద్దిమంది చొప్పున రానిచ్చారు. ఆ తర్వాత డబ్బు కొరత మొదలైంది. 1993లో భవనం మరమ్మతుల ఖర్చు కోసం కొన్ని బొమ్మలు కోర్టు అనుమతితో మొదటిసారి ఇతర దేశాల ప్రదర్శనలకి వెళ్ళాయి. 2004లో మొత్తం సేకరణనే ఊరి మధ్యకి మార్చడానికి జడ్జి ఒప్పుకున్నారు. పాత విద్యార్థులు బోర్డులు పట్టుకుని నిరసన తెలిపారు. చనిపోయిన మనిషి మాట కాదనే హక్కు మనకి ఉందా? ఆయన మాట నిలబెట్టడం కోసం బతికున్న లక్షల మందికి తలుపు మూయవచ్చా? ఇంట్లో పెద్ద పిల్లలుంటే భోజనాల దగ్గర అడిగి చూడండి, రెండు పక్షాలూ తేలిగ్గా దొరుకుతాయి. నేనైతే తెరవడమే మంచిదంటాను, కొంచెం బాధతోనే.

2012 మే నెలలో కొత్త భవనం తెరుచుకుంది. గదులు పాతవాటి కొలతలతోనే కట్టి, బొమ్మలూ బందులూ గొళ్ళేలూ పాత క్రమంలోనే తగిలించారు. మీరు వెళ్తే అన్ని గదులూ తిరగాలని పట్టు పట్టకండి. ఒక గోడ పిల్లల్నే ఎంచుకోనివ్వండి. బెంచీ మీద కూర్చుని పది నిమిషాలు ఆ గోడకే అంటిపెట్టుకోండి. వెలుగు ఎటు నుంచి పడుతోంది, మొదట కంటికి తగిలిన రంగు ఏది, అదే రంగు గోడ మీద ఇంకెక్కడ ఉంది, ఈ వంపు లాంటి వంపు ఇంకొకటి వెతుకు అని అడగండి. పేర్లు తర్వాత చూసుకోవచ్చు.

అమెరికా దాకా వెళ్ళే పని లేనివాళ్ళకి హైదరాబాద్‌లో సాలార్‌జంగ్ మ్యూజియం ఉండనే ఉంది. అదీ ముఖ్యంగా ఒక్క మనిషి, మూడో సాలార్‌జంగ్, పోగు చేసిన సంపదే. తెరిచింది 1951 డిసెంబర్‌లో, అంటే బార్న్స్ పోయిన ఏడాదే. అదీ మొదట దివాన్ దేవిడిలో ఉండి, 1968లో మూసీ పక్కన ఇప్పుడున్న భవనానికి మారింది. అక్కడ రవివర్మ బొమ్మలు కూడా ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్ళినప్పుడు కార్డు వైపు చూడకుండా ముందు పిల్లల చేత మాట్లాడించండి. గడియారం బొమ్మ గంట కొట్టే టైమ్‌కి మాత్రం జాగ్రత్త, ఒక్కరూ బొమ్మ దగ్గర నిలబడరు.